తల్లి ప్రాణమా? గర్భస్థ శిశువా?

మొదటి కాన్పు ఆపరేషన్‌తో అయింది. రెండోసారి నెల తప్పిందని ఇల్లంతా సంతోషం. ఆరోవారం స్కానింగ్ చేసిన డాక్టరమ్మ "పిండం పాత కోత మచ్చలో నాటుకుంది, ఉంచడం ప్రమాదం" అంటుంది. తెరమీద గుండె కొట్టుకుంటూనే ఉంది. అల్లాహ్ ప్రసాదించిన ప్రాణాన్ని మనం తొలగించవచ్చా? దైవభీతి నుంచి పుట్టిన ప్రశ్న ఇది. తేలిగ్గా కొట్టిపారేయరాదు.

ముందు విషయం తెలుసుకుందాం. సిజేరియన్ కోత మానిన చోట గర్భసంచి గోడ పలుచబడి చిన్న పల్లం ఏర్పడవచ్చు. పిండం అందులో నాటుకోవడం సుమారు 2000 గర్భాలలో ఒకదానిలో జరుగుతుంది. అరుదే. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్లే. కనుక ఇది మన ఇళ్ళకు దూరపు సంగతి కాదు.

కొందరికి కొద్దిగా రక్తం కనిపిస్తుంది. ఏ లక్షణమూ లేనివారూ ఉంటారు. 6-7 వారాలలో లోపలి నుంచి చేసే స్కానింగులో గర్భసంచి మధ్యభాగం ఖాళీగా, పిండపు తిత్తి మచ్చ దగ్గర, మూత్రాశయానికి ఆనుకున్నట్టు కనిపిస్తుంది. గర్భస్రావమని పొరబడి మామూలుగా శుభ్రం చేయబోతే రక్తం ధారకట్టవచ్చు.

ఇక్కడే చిక్కుంది. ఇలాంటి గర్భం కొన్నిసార్లు నిలిచి బిడ్డ సజీవంగా పుట్టడమూ ఉంది. కానీ మాయ గోడలోకి చొచ్చుకుపోయి, గర్భసంచి పగిలి, దాన్ని పూర్తిగా తీసేయవలసి రావచ్చు. తల్లి ప్రాణమే పోవచ్చు. అంటే వేచి ఉండటం కూడా ఒక నిర్ణయమే. దానికీ మనం జవాబుదారులమే.

ధర్మవేత్తలు తల్లిని వేరుతో, శిశువును కొమ్మతో పోల్చారు. రెండు నష్టాలు తప్పనప్పుడు చిన్నదాన్ని ఎంచుకోవాలన్నది షరీఅత్ సూత్రం. 1990లో మక్కాలో సమావేశమైన ఇస్లామీ ఫిఖహ్ మండలి, 120 రోజులు దాటిన తర్వాత కూడా తల్లి ప్రాణానికి ముప్పని నమ్మకస్తులైన వైద్యులు నిర్ధారిస్తే గర్భం తొలగించవచ్చని తీర్మానించింది. మరి ఆరోవారంలోనే తెలిసిన ముప్పు మాటేమిటి? అయితే ఈ అనుమతి పేదరికానికి భయపడి గర్భం తీయించుకునేవారికి కాదు. దాన్ని దివ్యఖుర్ఆన్ నిషేధించింది.

"తవక్కుల్ ఉంటే చాలు" అనేవారున్నారు. వైద్యం చేయించుకోమని ఆదేశించింది దైవప్రవక్తే (సల్లల్లాహు అలైహి వ సల్లం) కదా! వైద్యం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

మిథోట్రెక్సేట్ ఇంజెక్షన్, స్కానింగ్ చూస్తూ పీల్చి తీయడం, లాపరోస్కోపీతో తొలగించి గోడ సరిచేయడం వంటి మార్గాలున్నాయి. ఏది తగినదో అనుభవమున్న పెద్దాసుపత్రి వైద్యులు చెబుతారు. ఎంత తొందరగా తెలిస్తే అంత మేలు. చట్టం ప్రకారం వయోజన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలు. భర్త, అత్తగారు ఆమెకు అండగా నిలవాలేగానీ నిందించరాదు. సందేహముంటే ముఫ్తీ సాహెబ్‌ను వెంటనే అడగాలి. రక్తస్రావం మొదలైతే మాత్రం ముందు ఆసుపత్రికే వెళ్ళాలి.

ఆపరేషన్ కాన్పు అయిన సోదరీమణులు నెల తప్పగానే స్కానింగ్ చేయించుకోవాలి. అల్లాహ్ మన తల్లులను, బిడ్డలను కాపాడుగాక! ఆమీన్.