కప్పు తట్టి వినడం

ఎదుటివాడి సుఖదుఃఖాలను నీవిగా ఎంచి చూడమంటుంది గీత ఆరో అధ్యాయం. మన ధర్మచింతనలో ఇంత గొప్ప మాటలు కొన్నే ఉంటాయి. అయినా అందులో ఒక చిక్కుంది. కొలత మాత్రం మనదే. మన దేవుడికి మొక్కని, మన భాష మాట్లాడని మనిషి దగ్గర అది చాలదు. కాసిపేట బొగ్గుబాయిల్లో షిఫ్టుకు దిగినవాళ్లది ఏ కులమైనా, ఏ ఊరైనా నెత్తిమీద కప్పు ఒక్కటే. గండం ఒక్కటే కనుక దోస్తీ తొందరగా కుదురుతుంది. అడవంచు గూడెంలో పోడు చేసుకునే గోండుతో, కోలాముతో ఆ గండం పంచుకున్నది లేదు. మరి అతనితో స్నేహం దేని మీద నిలబడాలి? కథ మీద నిలబడగలదని నా నమ్మకం.

అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన ‘కొమురం భీం’ నవల 1983లో వచ్చింది. ఇంద్రవెల్లిలో గోండులపై పోలీసు కాల్పులు జరిగి అప్పటికి రెండేళ్లు. రచయితలిద్దరూ గోండులు కారు. 1940లో జోడేఘాట్‌లో నిజాం తుపాకులకు నేలకొరిగిన గోండు నాయకుడు భీం గురించి గూడేలు తిరిగి విన్నదే వాళ్ల పెట్టుబడి. భీం అచ్చం మనలాంటివాడే అని చెప్పి కన్నీళ్లు పెట్టించడం తేలిక. కానీ గోండుకు అడవి ఉత్త ఆస్తి కాదు, పెర్సాపేన్ కొలువున్న చోటు, చనిపోయిన పెద్దలు ఆ దేవుడితో కలిసి ఉండే చోటు. అక్కడ పశువులు మేస్తే పన్నేమిటన్న కోపాన్ని మన పట్టాభూముల లెక్కతో కొలిస్తే సగమే అందుతుంది. మిగతా సగం అందకపోయినా అతని పక్కన నిలబడటాన్నే నేను స్నేహమంటాను.

గోండుల కథ వేరేవాళ్లు రాస్తే అది గోండులదే అవుతుందా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. బాయిలో పని మొదలుపెట్టే ముందు కడ్డీతో కప్పును తట్టి చూస్తారు. గట్టిగా మోగితే సరే, డొల్లగా పలికితే వెనక్కి రావాలి. అక్కడ మన ఊహ చెల్లదు, కప్పు చెప్పిందే మాట. అలా వినకుండా రాసినదే తప్పు, బయటివాడు రాయడం కాదు. నవల చదివి మారినవాడెవడన్నది మరో ప్రశ్న. చదువు ఒక్కటే మనిషిని మార్చదు, ఒప్పుకుంటాను. కానీ పేరు కూడా తెలియని మనిషి పక్షాన ఎవరూ నిలబడరు.

వేరేవాళ్లు రాస్తే గోండులదే అవుతుందా అన్న మొదటి ప్రశ్నలోని నొప్పి మాత్రం తీరలేదు. భీం మరణం తర్వాత ఈ అడవులకొచ్చిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ చొరవతో 1943లో మార్లవాయిలో గోండీలో చదువు మొదలైంది. ఆ బాటే సాగి ఉంటే, భీం నవలను మొదట గోండులే గోండీలో రాసుకునేవాళ్లు. మనం తెలుగులోకి అడిగి తెచ్చుకునేవాళ్లం.