సర్టిఫికెట్ ఎంతవరకు ప్రమాణం?

నెట్‌వర్కింగ్ ఉద్యోగానికి వచ్చిన అభ్యర్థి చేతిలోని సిస్కో సంస్థ సీసీఎన్ఏ సర్టిఫికెట్ అతని నేర్పును రుజువు చేస్తుందా? భారతీయ దర్శనాల్లో మీమాంసకులు, నైయాయికులు శతాబ్దాలపాటు వాదించుకున్న ప్రశ్నకు ఇది చాలా దగ్గరిది. జ్ఞానం స్వతఃప్రమాణమనీ, తప్పని చూపే బాధకం కనబడేదాకా దాన్ని నమ్మవచ్చనీ మీమాంసకుల మతం. న్యాయదర్శనం అందుకు ఒప్పుకోదు. ఆ జ్ఞానాన్ని నమ్మి చేసిన పని ఫలించినప్పుడే దాని ప్రామాణ్యం తేలుతుందంటుంది.

సర్టిఫికెట్‌ను నేర్పును ఊహించే హేతువుగా తీసుకుంటే, పొగ ఉన్నచోట నిప్పులా, అది ఉన్నచోటల్లా నేర్పు ఉండాలి. డంప్స్ (బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు) బట్టీపట్టి గట్టెక్కినవారి దగ్గరా అది ఉంటుంది కనుక ఆ హేతువు సవ్యభిచారం, అంటే నమ్మదగనిది. అలాగని దాన్ని తోసిపుచ్చితే కష్టపడి చదివినవారికి అన్యాయం జరుగుతుంది.

అందుకే నేర్పును ఇంటర్వ్యూలోనే పరీక్షించాలి. అక్కడ ఓఎస్‌పీఎఫ్ అనే రౌటింగ్ ప్రోటోకాల్‌లో రౌటర్లు జతకట్టే దశలను వరసగా అప్పజెప్పమంటే మళ్లీ బట్టీనే పరీక్షించినట్టు. ఆ దశల్లో ఒకటైన ఎక్స్‌స్టార్ట్‌లో ఆగిపోయిన రెండు రౌటర్లను ముందు పెడితే సంగతి వేరు. అభ్యర్థి ముందుగా ఏ కమాండు ఇస్తాడు, ఏ అనుమానాన్ని ఎందుకు వదిలేస్తాడు, రెండువైపులా ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) విలువలు కలవలేదని ఎలా పట్టుకుంటాడు అన్నవి ప్రత్యక్షంగా తెలుస్తాయి. ఇలా చేయించి చూడటం కొత్తేమీ కాదు: సిస్కో 1993లో మొదలుపెట్టిన సీసీఐఈ సర్టిఫికెట్‌కి ల్యాబ్ పరీక్ష తప్పనిసరి. ఇప్పుడది ఎనిమిది గంటలు సాగుతుంది.