అంజన్న కోతులు, అండమాన్ పగడాలు

మాస్క్‌లోకి ఉప్పునీళ్లు వచ్చి ఊపిరాడక కాళ్లు కిందికి వదిలాను. గట్టిగా ఏదో తగిలింది. రాయి కాబోలని దాని మీద నిలబడ్డాను. పక్కనే ఉన్న గైడ్ చూశాడు, బొటనవేలు పైకెత్తి నవ్వాడు. అండమాన్‌లో ఎలిఫెంట్ బీచ్ దగ్గర జరిగిందిది. నేను నిలబడ్డది రాయి మీద కాదని పడవెక్కాక తెలిసింది. గైడ్‌ది శ్రీకాకుళం నుంచి ఎప్పుడో వలసొచ్చిన కుటుంబం. "అందరూ నిలబడతారు సార్, ఎంతమందికని చెప్తాం?" అన్నాడు.

పగడపు దిబ్బ పైకి రాయిలాగే కనబడుతుంది. కానీ దాని పైపొర మొత్తం చిన్నచిన్న ప్రాణులు. గుండ్రటి బండల్లా ఎదిగే పగడాలు ఏడాదికి అటూఇటూగా ఒక సెంటీమీటరు పెరుగుతాయి. జానెడు ఎత్తు కావాలంటే ఇరవై ఏళ్లు. నేను నిలబడింది పది సెకన్లు.

మాది కొండగట్టు కింద ఊరు. సెలవుకి ఇంటికి పోయినప్పుడు అమ్మతో గుట్టెక్కాను. మంగళవారం, బాగా రద్దీ. అమ్మ సంచిలోంచి అరటిపండ్లు తీసి కోతులకు ఇస్తోంది. వద్దన్నాను. మనిషి చేతిలోంచి తినడం అలవాటైన కోతి రేపు పిల్లల చేతిలోంచి గుంజుకుంటుంది, ఎల్లుండి చేన్ల మీద పడుతుంది, కోతుల బాధకే పల్లికాయ వేయడం మానుకున్నవాళ్లు మన చుట్టుపక్కలే ఉన్నారు కదా అని కాస్త ఉపన్యాసం ఇచ్చాను. అమ్మ వినీ విననట్టే విని, "విమానమెక్కి పోయి సముద్రంల పానమున్నదాన్ని తొక్కి అచ్చినవ్. నేను అంజన్న పేరు మీద ఒక్క పండు పెడితే తప్పచ్చిందా బిడ్డా?" అంది.

జవాబు తోచలేదు. అమ్మకు తెలియకుండానే ఆ మాటలో ఇంకో పోటు కూడా ఉంది. పగడాలను ఇప్పుడు ఎక్కువగా చంపుతున్నది పర్యాటకుల పాదాలు కాదు, వేడెక్కిన సముద్రం. నీళ్లు వేడెక్కితే పగడం తనలో ఉండి తిండిపెట్టే నాచును బయటికి నెట్టేసి తెల్లగా పాలిపోతుంది. 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రపంచమంతటా ఇలా జరుగుతోందని ప్రకటించారు. ఇది నాలుగోసారి. అంటే నేను నీళ్లలో దిగకముందే, విమానమెక్కినప్పుడే, నా వంతు చేసేశాను. అలాగని కాలు పెట్టడం చిన్న విషయమైపోదు. వడదెబ్బ తగిలినవాణ్ణి ఎవరూ తోసుకుంటూ పోరు కదా.

ప్రేమతో వెళ్లేవాళ్ల వల్లే ఒక చోటు పాడవుతుంటే ఎవరిని ఆపాలి? డబ్బుతో వడగట్టడం ఒక పద్ధతి. హవాయిలోని హనౌమా బేలో బయటివాళ్లకు 25 డాలర్ల టికెట్టు, స్థానికులకు ఉచితం. నాకు ఈ పద్ధతి మీద పెద్ద గౌరవం లేదు. స్పెషల్ దర్శనం క్యూ పక్కన ధర్మదర్శనం క్యూలో పెరిగినవాణ్ణి. డబ్బున్నవాడి కాలు తేలికగా పడుతుందని ఎవరూ రుజువు చేయలేదు. కాకపోతే అక్కడ నీళ్లలో దిగేముందు అందరూ ఒక వీడియో చూసి తీరాలి. అది నచ్చింది.

రెండోది తలుపులు మూసేయడం. థాయ్‌లాండ్‌లో మాయా బేని 2018లో మూసి 2022 జనవరిలో మళ్లీ తెరిచారు. ఇప్పుడు పడవలు లోపలికి రావు, ఏటా కొన్నాళ్లు మళ్లీ మూస్తారు. అండమాన్‌లోనే వండూర్ దగ్గరి మెరైన్ నేషనల్ పార్కులో జాలీ బాయ్, రెడ్ స్కిన్ అనే రెండు దీవులున్నాయి. ఒకటి తెరిస్తే రెండోది మూస్తారు. చేను బీడు పెట్టడం తెలిసినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు. అమ్మకు చెబితే ఆమెకు ఇది అసలు వింతగానే అనిపించలేదు. పవళింపు సేవ అయ్యాక, గ్రహణం రోజున, గుడి తలుపులు మూస్తే ఎవరైనా గొడవపడతారా? దేవుడికే విశ్రాంతి ఉండగా లేనిది చేపలకు ఉండకూడదా? (మూసిన రోజుల్లో పడవ నడిపేవాడి ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలన్నది మాత్రం ఈ పోలికలో ఇమడదు. పూజారికి గ్రహణం రోజు జీతం కోయరు.)

మూడోది లెక్క. ఎర్ర సముద్రంలో, కరీబియన్‌లో పరిశీలనలు చేసినవాళ్లు 1990ల్లో ఒక్కో చోటు ఏడాదికి ఐదారు వేల డైవ్‌లకు మించి ఓర్చుకోలేదని అంచనా కట్టారు. ఇంజినీరుగా నాకు ఇలాంటి అంకె కనబడితే ప్రాణం లేచొస్తుంది. మోయగలిగిన దానికన్నా ఎక్కువ ఎక్కిస్తే ఏమవుతుందో మావాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2018 సెప్టెంబర్ 11న పరిమితికి మించి జనం ఎక్కిన బస్సు ఘాట్ రోడ్డు దిగుతూ లోయలో పడి అరవై మందికి పైగా పోయారు. కానీ బస్సుకు సీట్లుంటాయి, పగడపు దిబ్బకు ఉండవు. ఐదు వేలమంది జాగ్రత్తగా ఈదడం వేరు, ఐదు వందలమంది నాలాగా నిలబడడం వేరు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి రెండు పరిశోధనలు. 1997లో అచ్చయినది ఈజిప్టులోని రాస్ మొహమ్మద్ పార్కు గురించి. డైవర్లకు ముప్పావుగంట బొమ్మలతో చెప్పి, నీళ్లలో చేసి చూపించాక, వాళ్లు పగడాన్ని తాకడం ఏడు నిమిషాలకు 1.4 సార్ల నుంచి 0.4కి పడిపోయింది. 2004లో అచ్చయిన సెయింట్ లూసియా పరిశోధనలో మాత్రం, దిగేముందు ఒక్క వాక్యం చెప్పి వదిలేస్తే తేడా ఏమీ రాలేదు. నీళ్లలో పక్కనుండి, తప్పు చేసినప్పుడు ఆపిన గైడ్ వల్లే తేడా వచ్చింది.

అంటే చివరికి విషయం ఆ బొటనవేలు దగ్గరికే వచ్చింది. నన్ను ఆపగలిగినవాడు అతనొక్కడే. అతని కూలీ, టిప్పు, రేపటి బుకింగు అన్నీ నా మూడ్ మీద ఆధారపడి ఉన్నాయి. మందలించాల్సినవాడి చేతిలోనే మందలించేవాడి బతుకు పెట్టాం. గుట్ట మీద అరటిపండ్లు అమ్మే ముసలామెను కోతులకు పెట్టొద్దని బోర్డు పట్టుకుని నిలబడమన్నట్టే ఇది. గైడ్‌కి నేరుగా పార్కే జీతమిచ్చి, "దిగొద్దు, బయటికి రండి" అనే అధికారం కూడా ఇస్తే ఎలా ఉంటుంది? అప్పుడు టికెట్టు పెరగొచ్చు. ఆ పెంపు మీద నాకు ఫిర్యాదు లేదు. అది ఇంకొకణ్ణి వెనక్కి పంపడానికి కాదు, నన్ను ఆపేవాడికి కదా వెళ్లేది.

అమ్మ ఇప్పటికీ మంగళవారాలు గుట్టకు పోతుంది. సంచిలో ఏముందో నేను అడగను.

ఆ సాయంత్రం హోటల్‌కి వచ్చాక, టూర్ ఎలా ఉందని యాప్ అడిగింది. గైడ్ చాలా ఫ్రెండ్లీ అని రాసి ఐదు స్టార్లు ఇచ్చాను. అందరి ముందూ నన్ను అరిచి నీళ్లలోంచి లాగేసి ఉంటే ఎన్ని ఇచ్చేవాణ్ణో నాకు తెలుసు. మూడు.