వనరక్షణ మెవరి కాయకము?

శ్రీశైల యాత్రకు పోవు మనకు నల్లమల యనగా దారిలో కన్పట్టు పచ్చదనము మాత్రమే. అచ్చట తరతరములుగా నివసించు చెంచులకు అది ఇల్లు, ధాన్యపుకొట్టు, దేవళము. మల్లికార్జునుని వారు చెంచు మల్లయ్య యందురు. తమ ఆడుబిడ్డను చేపట్టిన అల్లునిగా భావింతురు. పంచపీఠములలో నొకటి వెలసిన తావు, అక్కమహాదేవి లింగైక్యమందిన కదళీవనము గల తావు అగుటచే ఆ పర్వతము మనకు పరమపవిత్రము. దానిని పచ్చగా నిలిపినవారిని మాత్రము మనము తలంచుట అరుదు.

చెంచు దుంపను త్రవ్వునపుడు తీగ మరల చిగుర్చునట్లు కొంత భూమిలోనే విడుచును. తేనెకై కొండచరియకు త్రాటిపై దిగువాడు, పైన త్రాడు పట్టిన బావమరదిని నమ్మి దిగును. కావలసినంత గైకొనుట, మిగిలినది విడుచుట, తోడివానిని నమ్ముట: ఇదియే వారి అడవి నీతి. మనము ప్రసాదభావమని గ్రంథములలో చదువుకొనునది వారికి నిత్యకృత్యము.

2019 మే నెలలో అమ్రాబాదు పులుల అభయారణ్యమున 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘము సూత్రప్రాయముగా సమ్మతించినది. చెంచులు ఎదిరించిరి, ఇతరులును గొంతు కలిపిరి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం త్రవ్వకములు వలదని ఏకగ్రీవముగా తీర్మానించినది.

ఈ వృత్తాంతమును తరగతిలో చెప్పి, "ఆదివాసులే ప్రకృతికి కావలివారు" అని ముగించితిని. ఒక బాలుడు లేచి, "సార్, మరి మన నక్కవాగుకు కావలివాళ్లెవరు?" అని అడిగెను. నాకు వెంటనే సమాధానము తోచలేదు.

పలుమారులు తలపోయగా నా మాటలోని దోషము తెలిసినది. కాపాడుట ఒక జాతికి పుట్టుకతో వచ్చిన పని యనియు, అనుభవించుట మన వంతనియు నేను చెప్పకయే చెప్పితిని. పుట్టుకను బట్టి పనిని పంచుటయే గదా 12వ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుడు ఎదిరించిన అన్యాయము! చేతులెత్తి మ్రొక్కుచునే బరువంతయు ఒకరి తలపై మోపుట, క్రొత్త వేషము దాల్చిన వర్ణభేదమే.

పైగా కావలివారని పొగడుదుము. హక్కు మాట వచ్చినపుడు మౌనము వహింతుము. పులుల రక్షణ పేర చెంచు పెంటలను అడవి వెలుపలికి తరలించు యత్నములు జరుగుచునే యున్నవి. అట్టి తరలింపునకు గ్రామసభ స్వేచ్ఛగా ఇచ్చు సమ్మతి ఆవశ్యకమని 2006 నాటి అటవీ హక్కుల చట్టము చెప్పుచున్నది. ఇంటివానిని వెడలగొట్టి ఇంటిని కాపాడితిమనుట ఎట్టి న్యాయము? పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కన్నప్ప కథను భక్తితో చెప్పెను. కన్నిచ్చిన వేటగానిని కథలో పూజించి, నేటి అడవిబిడ్డను గూర్చి ఊరకుండుట మనకు తగదు.

ఇక బాలుని ప్రశ్న. మా వెలిమెలకు చేరువనున్న పటాన్‌చెరులో 1970ల నుండి పారిశ్రామికవాడ పెరిగినది. పని దొరికినది, కుటుంబములు నిలిచినవి. ఆ మేలును కాదనరాదు. కాని అచ్చటి వ్యర్థజల శుద్ధి కేంద్రము విడిచిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను ఔషధము లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కలదని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. నాడు ఆ నీరు వాగుల మీదుగా మంజీరను చేరెడిది. కరస్థలమున ఇష్టలింగమునకు మజ్జనము సేయు మనము, మన వాగునీరు ఏమైనదని అడుగకుండుట భక్తియా?

కాయకమనగా కూలి తెచ్చు పని మాత్రమే కాదు. ఇరుగుపొరుగు నీటికి విషము కలుపు పని యెంత శ్రమతో చేసినను కాయకము కానేరదు. దాసోహమన్నను మిగిలినది దానము చేయుట కాదు. తీసికొనినదానికి వినయముతో బదులిచ్చుట. కావున మఠములు తమ ఊళ్ల చెరువులను, వాగులను తమ సేవగా స్వీకరింపవలెను. కర్మాగారములలో పనిచేయు మన బిడ్డలు వ్యర్థజలమెచ్చటికి పోవుచున్నదో అడుగవలెను. ఒంటరిగా అడిగినచో బ్రతుకుతెరువుకే ముప్పు రావచ్చును. అందుచే ఆ ప్రశ్న ఒక్కని నోట గాక సంఘము నోట వెలువడవలెను. చెంచుల హక్కు మాటయు ఆ నోటనే పలుకవలెను.

మరునాడు ఆ బాలునితో ఇట్లంటిని: "నక్కవాగుకు కావలివారము మనమే, నాయనా. ఇన్నాళ్లు మా పెద్దలము ఆ పని మరచితిమి."