సందేహాలు – సమాధానాలు: దుప్పటి ఇస్తే బాధ్యత తీరిందా?

ప్రశ్న: మన్సూరాబాద్‌లో మా సంఘం యువకులం శనివారం రాత్రిళ్లు ఎల్‌బీ నగర్ ఫ్లైఓవర్ కింద, మెట్రో పిల్లర్ల పక్కన పడుకునేవాళ్లకు పులిహోర పొట్లాలు, దుప్పట్లు పంచుతున్నాం. పని చేయనివాడికి తిండి పెట్టొద్దని పౌలే చెప్పాడంటారు మా సంఘ పెద్ద ఒకాయన. దుప్పటి అమ్ముకుని తాగేవాళ్లూ ఉన్నారు. ముందు ప్రార్థన, తర్వాతే పొట్లం అని ఇంకొందరి పట్టుదల. మేం చేస్తున్నది సరైనదేనా?
– ఒక విశ్వాసి, మన్సూరాబాద్

జవాబు: సరైనదే గానీ, సగమే.

ముందు పౌలు సంగతి. థెస్సలొనీక సంఘంలో ఒళ్లు వంచకుండా ఇతరుల మీద పడి తినేవాళ్లను ఆయన మందలించాడు. పని దొరకనివాళ్ల జోలికి పోలేదు. పొద్దున్నే లేబర్ అడ్డాకు వెళ్లి చూడండి. మేస్త్రీ పిలవకపోతే ఆ రోజు కూలి లేదు, కూలి లేకపోతే గది అద్దె కట్టేదెలా? మత్తయి 20లో యేసు చెప్పిందీ అడ్డా కథే. సాయంత్రం దాకా ఎవరూ పిలవని కూలీలకు గంట పనికే యజమాని రోజు కూలి, అంటే ఒక దేనారం, ఇచ్చాడు.

ఇక మంచి సమరయుడు (లూకా 10). గాయాలకు కట్టు కట్టాడన్నంతవరకే మనకు గుర్తుంటుంది. తర్వాత ఆయన ఆ మనిషిని సత్రానికి చేర్చాడు, దగ్గరుండి చూసుకున్నాడు, మర్నాడు సత్రపువాడికి రెండు దేనారాలిచ్చి, ఎక్కువైతే తిరిగొచ్చి తీరుస్తానన్నాడు. అంటే రెండు రోజుల కూలి, పైగా మళ్లీ వస్తానన్న మాట! ఆ మనిషి మతమేమిటో, అలవాట్లేమిటో అడగలేదు. కాబట్టి పొట్లానికి ప్రార్థన షరతు పెట్టకండి. కడుపు కాలుతున్నవాడు దేనికైనా తలూపుతాడు, దాన్ని విశ్వాసమనుకోలేం.

మీరు చేయాల్సిన మిగతా సగం సత్రానికి చేర్చడం. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకొకటి చొప్పున ఏడాది పొడవునా నడిచే ఆశ్రయాలుండాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. దగ్గర్లోని నైట్ షెల్టర్‌ను ముందు మీరు చూసి, తర్వాత వాళ్లను తీసుకెళ్లండి. రానంటే కారణం వినండి: మూట పోతుందన్న భయం కావచ్చు, అడ్డాకు దూరమని కావచ్చు. దిక్కులేని వృద్ధులుంటే 14567కి, ఒంటి మీద గాయాలుంటే 108కి ఫోన్ చేయండి. మతిస్థిమితం లేక తిరిగేవాళ్లను రక్షణలోకి తీసుకుని 24 గంటల్లో ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడం 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం పోలీసుల విధి.

అల్వాల్‌లో జార్జ్ రాకేశ్ బాబు నెలకొల్పిన గుడ్ సమారిటన్స్ ఇండియా రోడ్డున పడ్డ వృద్ధులను తెచ్చి, పుండ్లు కడిగి, మందులిచ్చి, అయినవాళ్లు దొరికితే అప్పగిస్తోంది. మీ సంఘం అంత చేయలేకపోవచ్చు. అపొస్తలుల కార్యములు 6లో విధవరాండ్రకు భోజనం సరిగా అందడం లేదన్న ఫిర్యాదు రాగానే ఆ పనికే ఏడుగురిని నియమించారు. మీరు ఇద్దరిని పెట్టండి. పేరు, ఊరు, ఏం కావాలో అడిగి రాసుకోమనండి. దుప్పటి అమ్మినవాడికి కావలసింది చెప్పులో, ఫిట్స్ మాత్రలో అయ్యుండొచ్చు. తాగుడే అయినా, ఆ పేరుతో అన్నం ఆపకండి.

ఈ శనివారం పొట్లాలు తగ్గినా ఫర్వాలేదు. ఒక్కరినైనా షెల్టర్‌లో చేర్చి, వచ్చే వారం వెళ్లి ఎలా ఉన్నాడో చూసి రండి.