డైరీ పేజీ

మన తెలంగాణ పదో తరగతి ఇంగ్లిష్ వాచకంలో అరుణాచల్ రచయిత యేషే దోర్జీ థోంగ్చి కథ ‘ద జర్నీ’ ఉంది. ఆఫీసరైన కొడుకు ట్రంకుపెట్టెను ముసలి తండ్రి మోస్తూ కొండదారిన నడుస్తుంటాడు. తను మోస్తే పరువు పోతుందని కొడుకు బెంగ.

పరీక్షలో ఆ కొడుకు రాసినట్టుగా డైరీ రాయమంటే పిల్లలు గైడులోని పేరా దించేస్తారు. వాళ్లననేం లాభం, మార్కులు పడేది దానికే! స్టేషన్ ఘన్‌పూర్‌లో కాజీపేట రైలెక్కించడానికి నాన్న సంచి భుజాన వేసుకొని ముందు నడుస్తుంటే, క్లాస్‌మేట్ ఎదురుపడితే ఏమనిపిస్తుంది? అది రాయమనండి. స్పెల్లింగులు తర్వాత దిద్దుకోవచ్చు.

2022-23లో సర్కారు బళ్లలో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం తెచ్చారు. చదువంతా ఇంగ్లిష్‌లోనే అయినప్పుడు సొంతంగా నాలుగు వాక్యాలు రాయడం ఇంకా అవసరం. సాయంత్రం మీ పిల్లల నోట్‌బుక్ తీయించి, ఆ డైరీ పేజీ చదివించుకోండి.