పరదేశి చూపు

క్రొత్త కోడలికి అత్తవారింటి అటకమీది బూజు మొదటి దినముననే కనబడును. అత్తగారికి అది ఏండ్ల తరబడి కనబడలేదు. పరదేశమునకు చదువ వెళ్లినవాని చూపును అట్టిదే. మొదటి దినములలో అది మిక్కిలి వాడిగా నుండును. అయితే దేవుడు ఆ వాడిచూపును దేనికొరకు ఇచ్చెను? ఇతరులకు తీర్పు తీర్చుటకా, తాను నేర్చుకొనుటకా?

1930 సెప్టెంబరులో డీట్రిచ్ బోన్‌హోఫర్ అను జర్మను యువకుడు విద్యార్థుల మార్పిడి పద్ధతిని న్యూయార్కునకు ఓడమీద వెళ్లెను. అతనికి ఇరువదినాలుగేండ్లు, అప్పటికే డాక్టరు పట్టము పొందినవాడు. యూనియన్ వేదాంత కళాశాలలో చేరి, వసతి గృహమున గదుల తలుపులు ఎప్పుడును తెరచియుండుట చూచెను. అక్కడివారు ఒకరికొకరు సహాయపడుట అతనికి నచ్చెను. కాని స్నేహము చెడకుండుటకై వారు సత్యమును గట్టిగా పలుకకున్నారని తలంచెను. అక్కడి వేదాంత బోధ చాల పలుచనిదనియు ఎంచెను.

ఆ మాటలు వట్టివి కాకపోవచ్చును. అయినను అతడు అంతటితో నిలిచిపోయినయెడల, ఇంటినుండి తెచ్చిన కుంచముతో పొరుగువాని ధాన్యము కొలిచి, వట్టిచేతులతో తిరిగి వచ్చినట్లగును గదా!

ఆ కళాశాలలోనే ఫ్రాంక్ ఫిషర్ అను నల్లజాతి విద్యార్థి యుండెను. అతడు బోన్‌హోఫరును హార్లెములోని అబిస్సీనియన్ బాప్టిస్టు సంఘమునకు తోడుకొనిపోయెను. డాక్టరు పట్టము గలవాడు అక్కడ సండేస్కూలు పిల్లలకు బోధించుచు, బానిసలుగా బ్రతికినవారి కీర్తనలను ప్రేమించుట నేర్చుకొనెను. క్రీస్తును ఆరాధించు దేశములోనే వర్ణమునుబట్టి మనుష్యులను వేరుచేయుటయు కన్నులార చూచెను. బోధకుడుగా కాక, అతిథిగా కూర్చున్నప్పుడే అతనికి ఈ పాఠము దొరకెను.

1931లో అతడు స్వదేశమునకు వచ్చెను. 1933లో హిట్లరు ప్రభుత్వము యూదులను ఉద్యోగములనుండి తొలగించెను. యూదుల పుట్టుక గల పాదిరులను సంఘమునుండియు తొలగింపవలెనని కొందరు పట్టుపట్టిరి. బోన్‌హోఫర్ దానిని ఎదిరించెను. ఆ ప్రభుత్వమే 1945 ఏప్రిల్ 9న అతనిని ఉరితీసెను. ఆ ధైర్యమంతయు న్యూయార్కులోనే కలిగెనని చెప్పరాదు. అయితే పరాయి ఇంటి బూజు చూచిన కన్ను, తన యింటికి వచ్చిన తరువాత మూతపడలేదు.

కాబట్టి తలిదండ్రులారా, మీ బిడ్డ దూరదేశమునకు చదువబోవునప్పుడు, అక్కడి తప్పులు లెక్కించి వ్రాయుమని చెప్పకుడి. అక్కడ ఎవరు కడపట కూర్చుండబెట్టబడుచున్నారో చూచి, వారియొద్ద కూర్చుండుమని చెప్పుడి. తిరిగి వచ్చి మన గుడిలో చాపమీద ఎవరు కడపట కూర్చుందురో అడిగినయెడల, వానిని గద్దింపకుడి. మనము ఏండ్ల తరబడి చూడనిదానిని వాడు చూచియున్నాడు.